కలియుగ భీముడు – మన కీళ్లు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యవర్గం కోరింది. నేను వైద్యుణ్ణి కాను. అందుచేత శరీరాన్ని సాధనతో తీర్చిదిద్దుకున్న ఒక తెలుగువాని జీవితాన్ని, దాని నుంచి నేను గ్రహించిన విషయాన్ని మనవి చేస్తాను. ఆయనే కీర్తిశేషులు కోడి రామ్మూర్తి నాయుడు గారు.

వీరి స్వగ్రామం వీరఘట్టం. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. చిన్ననాడే తల్లిని కోల్పోయిన రామ్మూర్తిని తండ్రి వెంకన్నగారు విజయనగరంలో తమ సోదరుని ఇంటికి పంపారు. చదువు కంటే గోదా మీద, కుస్తీ మీద ఆయనకు మక్కువ ఎక్కువైంది. తర్వాత మద్రాసులోని సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం వచ్చి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులుగా చేరారు. మనలాగే ఆయనా ఒకనాడు ఉద్యోగి అన్నమాట!

అటుపిమ్మట సర్కస్ స్థాపించి దేశమంతా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు. చేతులకు కట్టిన రెండు కార్లను కదలకుండా నిలిపేవారు. రొమ్ముపై ఏనుగును మోసేవారు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శనలిచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు. ఇంతటి బలశాలి శాకాహారి.

ఈ సాహసాలు కండబలం వల్లనే జరిగాయని చాలామంది అనుకుంటారు. రెండు కార్లు చెరొక వైపు లాగుతుంటే ఆ బరువంతా భుజాల కీళ్ల మీద, మోచేతుల మీద పడుతుంది. బిగుసుకుపోయిన భుజం అయితే కండ ఎంత ఉన్నా నరం పట్టడమో, కీలు తప్పడమో జరుగుతుంది. దండీలు, బస్కీలు, కుస్తీ పట్లు కండను పెంచడంతో పాటు భుజం, తుంటి, మోకాలు, చీలమండలను చాలా దూరం వరకు కదిలిస్తాయి. ఆయన బలానికి ఆ కదలికే పునాది అని నా అభిప్రాయం.

నా ఉద్యోగకాలంలో ఎక్కువ భాగం ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామాల్లో గడిచింది. వేసవిలో తునికాకు కోసేవారిని, ఇప్పపువ్వు ఏరేవారిని చూశాను. పండు ముసలివారు సైతం గొంతుక్కూర్చుని, ఏ ఆధారమూ లేకుండా లేచేవారు. గోదాలో రామ్మూర్తిగారు సాధించినదాన్ని వీరికి రోజువారీ పని ఇచ్చింది. కుర్చీలో ముప్పై ఏళ్లు గడిపిన మనకు అది దక్కలేదు.

కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడే చుట్టూ ఉన్న జిగురు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. చీలమండ బిగుసుకుంటే ఆ భారం మోకాలికి, తుంటి బిగుసుకుంటే నడుముకు చేరుతుంది. స్నానాలగదిలో కాలు జారినప్పుడు రెండో కాలు చటుక్కున ముందుకు పడాలి. పడకపోతే తుంటి ఎముక విరుగుతుంది. మన వయస్సులో అది మంచాన పడేసే దెబ్బ.

కాబట్టి ఉదయం మంచం దిగేముందే చీలమండలను ఇరువైపులా పదేసి సార్లు త్రిప్పండి. కుర్చీలో కూర్చుని ఒక్కొక్క మోకాలిని చాపి ముడవండి. భుజాలను మెల్లగా త్రిప్పండి. గోడ దగ్గర కుర్చీ వేసుకుని లేచి కూర్చోండి. వాపు గాని, పోటు గాని ఉంటే ఆపి డాక్టరు గారికి చూపించండి. మోకాలి మార్పిడి చేయించుకున్నవారు డాక్టరు సలహా లేనిదే గొంతుక్కూర్చోవద్దు.

చివరి దశలో రామ్మూర్తిగారి కాలికి పుండు లేచి, ఆ కాలు తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్సకు మత్తుమందు తీసుకోలేదని చెబుతారు. ఒరిస్సాలోని బలంగీర్‌లో 1942లో కన్నుమూశారు. ఏనుగును మోసిన దేహానికే కాలి పుండు ముప్పు తెచ్చింది. కనుక కాలిమీది చిన్న గాయాన్ని, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, తేలికగా తీసుకోరాదు.

విశాఖ సముద్రతీరంలో ఆయన విగ్రహం ఉన్నది. శ్రీకాకుళంలో ఆయన పేరిట క్రీడా మైదానం ఉన్నది. మనం బరువులెత్తనక్కరలేదు. భద్రాద్రి రాముని గుడి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి దిగగలిగితే చాలు, పింఛను జీవితం ధన్యమే.