నకిలీ అని తనే చెప్పినా కోర్టు నమ్మలేదు!

మీ తాత పాత ట్రంకుపెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న అణా స్టాంపు ఎప్పుడైనా కంటపడిందా? వీర్నపల్లి, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో ఉత్తరాలకు అంటించింది ఇట్లాంటి స్టాంపులే. హైదరాబాద్ సంస్థానం 1869లో తొలి స్టాంపు తెచ్చింది. చార్మినార్, ఉస్మాన్‌సాగర్ బొమ్మలవి 1931లో వచ్చాయి. దొరికితే భద్రంగా దాచుకోండి. లక్షలు పలుకుతుందని ఎవరైనా ఆశ పెడితే మాత్రం ఒక్క నిమిషం ఆగండి. ముందు జీన్ ద స్పెరాటి కథ తెలుసుకోండి.

స్పెరాటి 1884లో ఇటలీలోని పిస్టోయాలో పుట్టాడు. ఫొటోగ్రఫీ, రసాయనాలు, ముద్రణ... ఈ మూడింటి మీదా గట్టి పట్టు సాధించాడు. తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాడు. ఇంత పనితనం ఉన్న మనిషి ఏ ముద్రణాలయంలో చేరినా పేరు తెచ్చుకునేవాడే. ఆయన మాత్రం అరుదైన స్టాంపులకు నకళ్లు తయారు చేయడం మొదలుపెట్టాడు. వందకు పైగా దేశాలవి, ఐదు వందలకు మించిన రకాలు!

ఆయన కిటుకు ఏంటో చూడండి. అదే కాలం నాటి చవక స్టాంపు ఒకటి కొనేవాడు. రసాయనాలతో దాని మీది సిరాను పోగొట్టేవాడు. మిగిలిన కాగితం అసలుదే, వాటర్‌మార్కు అసలుదే, అంచు రంధ్రాలూ అసలువే. ఒక్కోసారి తపాలా ముద్ర కూడా చెరగకుండా ఉండేది. ఆ కాగితం మీద ఖరీదైన స్టాంపు బొమ్మను ఫొటో పద్ధతిలో అచ్చు వేసేవాడు. నిపుణులు మొదట పరీక్షించేది కాగితాన్నే కాబట్టి అక్కడే బోల్తా పడేవారు.

1942లో కథ అడ్డం తిరిగింది. లిస్బన్‌లోని ఓ వ్యాపారికి ఆయన పంపిన 18 స్టాంపులను ఫ్రెంచి కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు. అనుమతి లేకుండా విలువైన సరుకు దేశం దాటిస్తున్నాడని కేసు పెట్టారు. అవి విలువైనవి కావు, తాను చేసిన నకళ్లేనని స్పెరాటి మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. కోర్టు పిలిపించిన నిపుణుడు అవి అసలువేనని తేల్చేశాడు! చివరికి అచ్చం అలాంటివే మళ్లీ తయారు చేసి చూపించాల్సి వచ్చింది.

తాను మోసగాణ్ని కానని, కళాకారుణ్నని స్పెరాటి వాదించేవాడు. నకలుగా అమ్మిన వాటి వెనక సంతకం పెట్టేవాడు కూడా. కానీ పెన్సిల్‌తో! రబ్బరుతో రుద్దితే పోయే సంతకానికి విలువేముంటుంది? అవి చేతులు మారి, అసలు ధరకు అమాయకుల ఆల్బమ్‌ల్లోకి చేరాయి. 1952లో పారిస్ కోర్టు ఆయన్ను దోషిగా తేల్చింది. వయసు మీద పడటంతో జైలుకు మాత్రం వెళ్లలేదు. ఆ తర్వాత బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్ ఆయన సరుకును కొనేసి, ఆయన నకళ్ల వివరాలతో 1955లో పుస్తకం వేసింది. 1957లో స్పెరాటి కన్నుమూశాడు.

మరి ఆ నకళ్లను ఎలా పట్టుకుంటారు? సిరిసిల్లలో నేత తెలిసినవాళ్లు బట్టను పైపైన చూసి వదిలేయరు, తిరగేసి దారం చూస్తారు. ఇదీ అంతే. చెక్కిన అచ్చుతో వేసిన అసలు స్టాంపులో సిరా గీతలు కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. స్పెరాటి నకలులో చదునుగా ఉంటాయి. ఒకే చిన్న మచ్చ ప్రతి నకలులోనూ అదే చోట కనిపిస్తుంది. ఇంకో మాట. పాత అచ్చుతోనే తర్వాతి కాలంలో మళ్లీ వేస్తే అది పునర్ముద్రణ, నకిలీ కాదు. హైదరాబాద్ తొలి స్టాంపుకూ అలాంటివి ఉన్నాయి. అయితే విలువలో మాత్రం చాలా తేడా ఉంటుంది.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఇది ఎందుకంటే... వాట్సాప్‌లో వచ్చే నకిలీ ఆఫర్ లెటర్ కూడా స్పెరాటి స్టాంపు లాంటిదే. లోగో అసలుదే, చిరునామా అసలుదే, మధ్యలో ఉన్న ఉద్యోగం మాత్రం ఉత్తిదే. కాగితం చూసి మురిసిపోకండి. ఆ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో నోటిఫికేషన్ ఉందో లేదో మీరే చూసుకోండి. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

ఇలాంటి పనితనం మీద ఆసక్తి ఉంటే నిజాయితీ దారులూ ఉన్నాయి. అనుమానాస్పద పత్రాల పరీక్ష ఫోరెన్సిక్ సైన్స్‌లో ఒక ప్రత్యేక విభాగం. ఆ పని చేసే కేంద్ర ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉంది. సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ కూడా అక్కడే ఉంది. భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాళ్లు ఫోరెన్సిక్ పీజీ వైపు చూడొచ్చు. స్పెరాటికి ఉన్న చూపూ ఓపికా ఈ ఉద్యోగాలకు కావాలి. కాకపోతే సంతకం పెన్నుతో పెట్టాలి.