కూపర్ కవి పరలోక చింత

జాన్ గిల్పిన్ గుర్రపుస్వారీ కథను ఆంగ్ల వాచకంలో చదివి నవ్వుకొన్న బాలురు తరతరాలుగా ఎందరో ఉన్నారు. ఆ హాస్యగేయాన్ని రచించిన విలియం కూపర్ తన జీవితంలోని చివరి 27 సంవత్సరాలూ తనకు నరకమే నిశ్చయమని నమ్మి గడిపినాడన్న సంగతి అంతగా ప్రచారంలోనికి రాలేదు. (ఆయన పేరును అక్షరాలను బట్టి కౌపర్ అని చదవడం మనవారికి అలవాటు, ఆ వంశీయులు మాత్రం కూపర్ అనియే పలికేవారు.)

కూపర్ 1731 నవంబరులో ఇంగ్లండులోని బెర్కమ్‌స్టెడ్ పట్టణంలో ఒక మతాచార్యునికి జన్మించినాడు. ఆరేళ్ళయినా నిండకమునుపే తల్లి గతించినది. ఆ బెంగ ఆయనను ఏనాడూ విడువలేదు. 1790లో ఆమె చిత్రపటం ఒకటి చేతికందినప్పుడు, 58 ఏళ్ళ ఆ వృద్ధకవి పసివానివలె కరగిపోయి దానిపై కవిత చెప్పినాడు. వసతి పాఠశాలలో తోటివాడొకడు పెట్టిన బాధలు ఆ సున్నితహృదయాన్ని మరింత బెదరగొట్టినవి. పిదప న్యాయశాస్త్రం చదివినాడు గాని ఆ వృత్తిపై మనసు నిలువలేదు. పినతండ్రి కూతురు థియొడోరాను ప్రేమించినాడు. ఆమె తండ్రి ఒప్పుకొనలేదు.

1763లో బంధువొకరు ప్రభువుల సభలో గుమాస్తా ఉద్యోగం చూపినాడు. అయితే దానికి సభ ఎదుట నిలిచి పరీక్ష ఇయ్యవలసి వచ్చినది. ఆ భయం కూపర్ మనస్సును ఛిన్నాభిన్నం చేసినది. ఆత్మహత్యకు పలుమార్లు యత్నించి విఫలుడైనాడు. క్షమాపణ లేని పాపం చేసితినన్న భీతి అప్పుడే ఆయనలో ప్రవేశించినది. అప్పటికాయన భక్తిమార్గంలో అడుగుపెట్టినవాడు కాడు. కూపర్‌ను మతమే పిచ్చివానిని చేసినదని వాదించేవారు ఈ సంవత్సరాన్ని గమనించవలె. వ్యాధి ముందు వచ్చినది. మతం దానికి భాషను ఇచ్చినది.

సెయింట్ ఆల్బన్స్‌లో డాక్టర్ కాటన్ నడిపిన చికిత్సాలయంలో ఉండగా, 1764లో ఒకనాడు బైబిలు తెరచి, పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో, క్రీస్తు రక్తమందలి విశ్వాసం వలన పాపులు నీతిమంతులుగా తీర్చబడుదురన్న భాగం చదివినాడు. ఆ క్షణంలో భయం తొలగి ఆనందబాష్పాలు పొరలినవి. అది మొదలు తొమ్మిదేళ్ళ కాలం ఆయన రక్షణ పొందిన భక్తుడు.

హంటింగ్‌డన్‌లో అన్‌విన్ కుటుంబం ఆయనను చేరదీసినది. ఇంటి యజమాని 1767లో గుర్రంపై నుండి పడి మరణించగా, ఆయన భార్య మేరీ అన్‌విన్, కూపర్ ఓల్నీ గ్రామానికి చేరినారు. అక్కడి మతాచార్యుడు జాన్ న్యూటన్ పూర్వం బానిసలను తరలించే ఓడకు నాయకుడు. అట్టివానిని కూడ దేవుడు చేరదీసినాడన్నదే అతని బోధ సారం. అతడు నమ్మినది కాల్విన్ సిద్ధాంతం. మనుష్యుడు తన సత్క్రియలతో పరలోకం సంపాదించలేడు. సృష్టికి పూర్వమే దేవుడు కొందరిని ఎన్నుకొన్నాడు. విశ్వాసం కూడ ఆయన వరమే. ఒకసారి ఇచ్చిన కృపను ఆయన తిరిగి తీసికొనడు. అదే కాలంలో జాన్ వెస్లీ ఇందుకు భిన్నంగా, క్రీస్తు అందరి కొరకు మరణించినాడనీ, ఆ కృపను స్వీకరించుటో నిరాకరించుటో మనుష్యుని చేతిలోనే ఉన్నదనీ బోధించినాడు.

గ్రామీణుల కొరకు న్యూటన్, కూపర్ కలిసి కీర్తనలు కట్టినారు. 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల సంపుటిలోని 348 కీర్తనలలో అరవైకి పైగా కూపర్‌వి. అయితే పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన చర్చిగుమ్మం తొక్కడం మానివేసి ఆరేళ్ళు దాటినది.

1773 జనవరి మొదటి తేదీన న్యూటన్ తన ప్రసంగం కొరకు, నేడు అమేజింగ్ గ్రేస్ పేర ప్రపంచమంతా పాడుకొనే కీర్తనను సిద్ధపరచినాడు. ఆ నెలలోనే కూపర్‌కు వ్యాధి తిరగబెట్టినది. కొద్ది వారాలకు, తన కథ ముగిసినదనీ తాను నశించితిననీ ఒక స్వరం కలలో పలికినట్లు విన్నాడు. అబ్రహాము కుమారుని బలి కోరినట్లే దేవుడు తన ప్రాణం కోరినాడనీ, ఆ ఆజ్ఞ నెరవేర్చలేకపోవుటచే తాను శాశ్వతంగా త్యజింపబడితిననీ నిశ్చయించుకొన్నాడు. న్యూటన్ ఏడాదికి పైగా ఆయనను తన ఇంట ఉంచుకొని ఓర్పుతో కాపాడినాడు. ఇచ్చిన కృప తిరిగిపోదని సిద్ధాంతం చూపి ఓదార్చినాడు. కూపర్ ఆ సిద్ధాంతాన్ని కాదనలేదు! అది సర్వులకూ సత్యమే, దేవుడు తనొక్కని విషయంలో నియమాన్ని మీరినాడని బదులు చెప్పినాడు. ఏ మనుష్యుడు ఎన్నికకు వెలుపల ఉన్నాడో ఎవరూ ఎరుగజాలరని కాల్విన్ మతం చెప్పుచుండగా, ఆ ఎరుగరానిదానినే ఆయన ఎరిగితిననుకొన్నాడు. ఇట్టి తర్కానికి ప్రత్యుత్తరం ఎక్కడిది? ప్రార్థించుమని విలియం బుల్ అనే మతాచార్యుడు 1782లో కోరగా, తనకు ప్రార్థించే హక్కు ఉన్నదని నిరూపిస్తే ఎడతెగక ప్రార్థింతునని జవాబు వ్రాసినాడు.

విచిత్రమేమనగా, ఆయన ఉత్తమరచనలన్నీ ఈ నిరాశాకాలంలోనివే. మూడు కుందేళ్ళను పెంచినాడు, తోటపని చేసినాడు, పంజరాలు అల్లినాడు. లేడీ ఆస్టిన్ ఒక సాయంకాలం చెప్పిన కథ 1782లో జాన్ గిల్పిన్ అయినది; ఆమె సోఫాపై వ్రాయుమని కోరగా ఆరంభమైన కావ్యం 1785లో ది టాస్క్ అయినది. 1788లో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ గేయాలు రచించినాడు. 1791లో హోమరు అనువాదం ప్రకటించినాడు. పరలోకంలో ప్రతిఫలం లేదనుకొన్నవాడు ఇంత కరుణను ఎందుకు పంచినాడని మతపండితులు తర్కించవచ్చును. రక్షణకు సత్క్రియలు వెల కావన్న న్యూటన్ మాటకు, న్యూటన్ ఊహించని నిదర్శనం ఇది.

మేరీ అన్‌విన్ పక్షవాతంతో తీసికొని 1796లో మరణించిన తరువాత ఆయనకు వెలుగు మిగలలేదు. బంధువు జాన్ జాన్సన్ ఆయనను నార్ఫోక్‌లో సంరక్షించినాడు. 1799లో వ్రాసిన ది కాస్ట్‌అవే ఆయన చివరి గొప్ప కవిత. తుపానులో ఓడనుండి జారిపడిన ఒక నావికుని కథను ఆన్సన్ సముద్రయాన గ్రంథంలో చదివినాడు. మిత్రులు విసరినవన్నీ విసరినారు. గాలి ఓడను ఆగనీయలేదు. ఆ నావికుని కంటె లోతైన అగాధంలో తాను మునిగితినని కూపర్ ముగించినాడు. మిత్రులపై మాత్రం నింద మోపలేదు.

1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డెరెహామ్‌లో కన్నుమూసినాడు. మరణించిన ముఖంపై ప్రశాంతతతో కూడిన ఒక పవిత్రాశ్చర్యం కనిపించినదని జాన్సన్ చెప్పినాడు. మిత్రులు దానిని శుభసూచనగా గ్రహించినారు. జీవించినంతకాలం కూపర్ మాత్రం అట్టి ఆశను అంగీకరించలేదు. మేరీ అన్‌విన్ సమాధి ఉన్న ఆ చర్చిలోనే ఆయననూ ఖననం చేసినారు.