తగడూరి అంజి

రోము సామ్రాజ్యమెట్లు పెరిగెనో, ఎట్లు కూలెనో చెప్పుమన్నచో మన వకీళ్లు, వైద్యులు, ఉపాధ్యాయులు తడబడక చెప్పగలరు. పాఠశాలలో కంఠస్థము చేసిన పాఠమది. సేలమునుండి బెంగుళూరునకు పోవు రైలు ధర్మపురిలో నిలిచినప్పుడు ఆ యూరు ఒకప్పుడు ఎవరి రాజధానియని అడిగినచో మాత్రము మనలో పలువురు మౌనము వహింతురు. ధర్మపురి ప్రాచీన నామము తగడూరు. దాని నేలినవాడు అదియమాన్ నెడుమాన్ అంజి. తమిళ బాలురకు ఈతని పేరు ఉగ్గుపాలతో వచ్చును. తెలుగువారికిని ఈతని కథతో సంబంధము లేకపోలేదు.

అంజి వంశమువారు నిన్న మొన్న తలయెత్తిన పాళెగాండ్రు కారు. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున, రోమకులు కార్తేజితో తొలి యుద్ధము నడపిన కాలమునకు సమీపమున, అశోకుడు తన రాజ్యమునకు వెలుపలి దక్షిణ రాజులను చెప్పుచు చోళ, పాండ్య, కేరళపుత్రులతోపాటు సత్యపుత్రులను పేర్కొనెను. ఆ ధర్మలిపి మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలమీదను చెక్కబడియున్నది. ఈ సత్యపుత్రులెవరని పండితులు చిరకాలము వాదులాడిరి. తుళునాడని కొందరు, కంచియని కొందరు అనిరి. 1981లో తిరుక్కోవలూరు ప్రాంతపు జంబై గ్రామమున ఒక గుహలో ఒకే పంక్తి తమిళ బ్రాహ్మీ శాసనము బయటపడెను. సత్యపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఇచ్చిన ముని నివాసమని దాని తాత్పర్యము. వివాదము దానితో చాలవఱకు తీరెను.

చేర చోళ పాండ్యులవలె అంజి కిరీటధారి కాడు. కొండలనడుమ చిన్న రాజ్యమునకు ప్రభువు. కాని కొంగునాటినుండి మైసూరు పీఠభూమికి ఎక్కు దారులు ఆతని నేలమీదుగనే పోయెను. ఆ కాలమున కొంగునాట రోమక నాణెములు విరివిగ చెల్లినవని కోయంబత్తూరు ప్రాంతమున దొరకిన నిక్షేపములు చెప్పుచున్నవి. హిందూదేశము ఏటేట 5 కోట్ల సెస్టర్సులు రోమునుండి లాగుకొనుచున్నదని ప్లినీ వాపోయినదియు ఆ శతాబ్దముననే.

అంజి కొలువున అవ్వయారు అను కవయిత్రి యుండెను. ఆయుర్దాయమిచ్చు అపూర్వమైన ఉసిరికాయ తనకు లభింపగా, దాని మహిమ చెప్పక ఆమెకే యిచ్చెనని పురనానూఱు చెప్పుచున్నది. ఈ ఔదార్యమును లోకము మెచ్చుకొన్నది, మేమును మెచ్చుకొందుము. అయితే ఇందు రాజనీతి లేదనుట అమాయకత్వమగును. కాంచీ ప్రాంతపు తొండైమానుతో యుద్ధము దాపురించినప్పుడు అంజి దూతగ పంపినది ఈమెనే. తొండైమానుడు నేయి పూసి నెమలిపురి చుట్టిన తన ఆయుధములను చూపగా, తన రాజు ఆయుధములు నిత్యము పోరున విరిగి కమ్మరి కొలిమిలోనే యుండునని ఆమె పొగడ్త ముసుగున హెచ్చరించెను. అట్టి దూతను సంపాదించుటకు ఉసిరికాయ ఎక్కువ మూల్యము కాదు!

అంజి ఏడుగురు శత్రువుల నొక్కడై గెలిచెనని, మలయమాన్ కారి పట్టణమైన కోవలూరిని ధ్వంసము చేసెనని కవులు పాడిరి. జంబై శాసనము ఆ కోవలూరి చెంతనే దొరకుట గమనింపదగినది. కాని పతనమునకు బీజమును అక్కడనే పడినది. ఓడిన కారి ఆతనివాడు కాలేదు, చేరరాజు పక్షమున చేరెను. కొల్లిమల ప్రభువు ఓరిని చంపి ఆ కొండను చేరున కప్పగించెను. చేరబలము తగడూరి గుమ్మమువఱకు వచ్చినది. అప్పుడు అంజివంశము చోళ పాండ్యుల సాయము కోరెను. పెరుంజేరల్ ఇరుంపొఱై కొల్లి ప్రాంతమున ముగ్గురిని ఒక్కమాఱే ఓడించి తగడూరి కోటను పడగొట్టెను. ఆ యుద్ధమును వర్ణించిన తగడూర్ యాత్తిరై అను కావ్యము నశించి కొన్ని పద్యములే మిగిలినవి. ఈటెపోటున పడిన అంజికి వీరశిల నిలుపగా అవ్వయారు విలపించెను.

రోమకులు చేసినదేమి? ఓడిన ఇటలీ నగరములనుండి కప్పము గైకొనక సైనికులను గైకొనిరి. క్రీ. పూ. 216లో కానీ రణరంగమున హానిబాలు వారిని చిత్తుచేసినప్పుడును లాటిన్ మిత్రులు విడిచిపోలేదు. ఇతర ఇటలీ మిత్రులు క్రీ. పూ. 91లో పౌరహక్కులకై తిరుగబడగా, యుద్ధము నడుమనే వాని నిచ్చిరి, క్రీ. శ. 212 నాటికి ఆ హక్కు సామ్రాజ్యమందలి స్వతంత్రుల కందఱకు వ్యాపించెను. తరువాత ఆ నేర్పు వారిని విడిచినది. 376లో శరణుజొచ్చి డాన్యూబు దాటిన గోతులను అధికారులు ఆకలితో మాడ్చి దోచిరి. రెండేండ్లకే ఆ గోతులు చక్రవర్తి వాలెన్సును ఏడ్రియానోపులు వద్ద కూల్చిరి. 410లో రోమునే కొల్లగొట్టిరి. కారిని చేరుని చేతిలో పెట్టిన తగడూరి పొరపాటే అది, పెద్ద తూకమున.

తగడూరు అటుపిమ్మట పలువురి వశమైనది. తొమ్మిదవ శతాబ్దమున మడకశిర చెంతనున్న హేమావతినుండి నొళంబులు దానిపై అధికారము నెరపిరి. వారిలో మహేంద్రుని శాసనములు ధర్మపురిలో దొరకినవి. మూడవ కులోత్తుంగ చోళుని కాలమున అదియమానుల వారసుడనని చెప్పుకొనిన విడుకాదళగియ పెరుమాళ్ అచ్చట సామంతుడై యుండెను. తన పూర్వుడు ఎళిని నిలిపిన యక్ష యక్షిణుల ప్రతిమలను పోలూరు సమీపపు తిరుమలలో ఈతడు పునఃప్రతిష్ఠ చేసి శాసనము వ్రాయించెను. ఆ శాసనమున ఎళిని చేరవంశపు రాజుగా వర్ణింపబడెను!