జహంగీర్ పెళ్లిళ్లు: అనార్కలి కథ కప్పేసిన చరిత్ర

సలీం అనగానే తెలుగువాళ్లకు అనార్కలి గుర్తొస్తుంది. 1955లో అక్కినేని, అంజలీదేవి నటించిన సినిమా ఆ కథను ఇంటింటికీ చేర్చింది. తర్వాత ఎన్టీఆర్ కూడా అదే కథతో సినిమా తీశారు. కానీ జహంగీర్ చక్రవర్తి స్వయంగా రాసుకున్న జ్ఞాపకాల్లో అనార్కలి ఊసే లేదు. తన తాగుడు గురించి, నల్లమందు గురించి, చివరికి తండ్రికి ఆప్తుడైన అబుల్ ఫజల్‌ను తానే చంపించిన సంగతి గురించి కూడా దాచుకోకుండా రాసిన మనిషి ఆయన.

కొడుకు మనసుపడిన అమ్మాయి విషయంలో అక్బర్ అడ్డుచెప్పిన సందర్భం చరిత్రలో నిజంగానే ఒకటుంది. 1596లో సలీం జైన్ ఖాన్ కోకా కూతురిని పెళ్లాడతానని పట్టుబట్టాడు. అది తగదని అక్బర్ మొదట కోపగించుకున్నాడు. కొడుకు ఎంతకీ దారికి రాకపోవడంతో మెత్తబడి పెళ్లి చేశాడు. గోడలో సమాధి చేయడాల్లేవు, యుద్ధాల్లేవు. సినిమాకు పనికిరాని కథ.

ఆయన జీవితంలో అసలు నెత్తురు కారింది వేరే పెళ్లిళ్ల వల్ల.

1569లో ఫతేపూర్ సిక్రీలో పుట్టిన సలీంకు మొదటి పెళ్లి 1585లో, పదిహేనేళ్ల వయసులో జరిగింది. పెళ్లికూతురు మాన్ బాయి, అంబర్ రాజు భగవంత్ దాస్ కూతురు. సలీం తల్లి ఈ భగవంత్ దాస్‌కు స్వయానా సోదరి. అంటే మాన్ బాయి ఆయనకు మేనమామ కూతురు. మనకు మేనరికం మామూలే గానీ, రాజపుత్రుల ఆచారంలో అది లేదు. అయినా పెళ్లి వైభవంగా జరిగింది. ఖాజీలు నిఖా చదివారు, హిందూ పద్ధతి తంతులూ నడిచాయి. మరుసటి ఏడాది జోధ్‌పూర్ రాజు ఉదయ్ సింగ్ కూతురు జగత్ గోసాయిని కూడా సలీం పెళ్లాడాడు. ఒకరి పుట్టిల్లు కచ్వాహాలది, మరొకరిది రాఠోడ్‌లది.

మొఘలుల్లో పెద్ద కొడుక్కే పట్టం కట్టాలన్న నియమం లేదు. ఏ రాణి కడుపున పుట్టినా కొడుకులందరికీ సింహాసనం మీద హక్కు ఉండేది. కాబట్టి కోడలిగా వచ్చే ప్రతి అమ్మాయి వెనక ఒక పుట్టిల్లు, దాని సైన్యం, మనవడు గద్దెనెక్కాలన్న ఆశ కూడా వచ్చేవి. అక్బర్ సామ్రాజ్యాన్ని కట్టింది ఇలాంటి వియ్యాలతోనే. ఆ వియ్యాల మూల్యం కొడుకు హయాంలో బయటపడింది.

మొదట మూల్యం చెల్లించింది మాన్ బాయి. 1587లో ఖుస్రో పుట్టాక ఆమెకు షా బేగం అన్న బిరుదు దక్కింది. 1600 తర్వాత సలీం తండ్రి మీద తిరుగుబాటు చేసి అలహాబాద్‌లో సొంత దర్బారు పెట్టాడు. అటువైపు ఆగ్రాలో, సలీంను పక్కనపెట్టి మనవడు ఖుస్రోకే పట్టం కట్టాలని ఒక వర్గం తయారైంది. దాని ముందు వరుసలో ఉన్నది రాజా మాన్ సింగ్, అంటే మాన్ బాయి తోబుట్టువు. భర్త ఒకవైపు, కొడుకూ పుట్టింటివాళ్లూ ఇంకోవైపు. తండ్రికి విధేయంగా ఉండమని ఆమె ఖుస్రోకు పదేపదే ఉత్తరాలు రాసేదని జహంగీర్ గుర్తుచేసుకున్నాడు. ఖుస్రో వినలేదు. మరో సోదరుడు మాధో సింగ్ నడవడి కూడా ఆమెను కుంగదీసింది. అక్బర్ చనిపోవడానికి కొంతకాలం ముందు ఆమె నల్లమందు మింగి ప్రాణం తీసుకుంది. తాను నాలుగు రోజులపాటు అన్నం నీళ్లు ముట్టలేదని జహంగీర్ రాసుకున్నాడు. ఆ దుఃఖం నిజమైనదే అనిపిస్తుంది. కానీ ఆమెను ఆ స్థితికి తెచ్చిన గొడవలో తన పాత్ర ఎంతో ఆయన లెక్క వేసుకోలేదు. ఆమెది పుట్టుకతో వచ్చిన మనోవ్యాధి అని సరిపెట్టుకున్నాడు.

1605లో జహంగీర్ గద్దెనెక్కాడు. ఆరు నెలలు తిరక్కుండానే, 1606 ఏప్రిల్‌లో ఖుస్రో తిరగబడి లాహోర్ మీదికి వెళ్లి ఓడిపోయాడు. తన అనుచరులను కొరత వేసిన దారి గుండా అతన్ని ఊరేగించారు. అతనికి సాయం చేశారన్న ఆరోపణతోనే సిక్కు గురువు అర్జన్‌ను చంపించారు. తర్వాత ఖుస్రో కళ్లు పొడిపించారు. చూపు పూర్తిగా పోకపోయినా, సింహాసనం ఆశ మాత్రం పోయింది.

రెండో భార్య జగత్ గోసాయి 1592లో ఖుర్రంను కన్నది. అతనే షాజహాన్. జోధ్‌పూర్ ఆడపడుచు కాబట్టి ఆమెను జోధ్ బాయి అనేవారు. మనం సినిమాల్లో అక్బర్ భార్యకు తగిలించిన పేరు నిజానికి ఆయన కోడలిది. బిడ్డను పెంచే భాగ్యం మాత్రం ఆమెకు దక్కలేదు. పిల్లలు లేని అక్బర్ పట్టమహిషి రుఖయ్యా బేగం ఖుర్రంను పెంచుకుంది. రెండో కొడుకు పర్వేజ్ తల్లి సాహిబ్ జమాల్. షహ్రియార్ ఒక దాసికి పుట్టాడు. బికనీర్, జైసల్మేర్ వంటి సంస్థానాల నుంచీ కోడళ్లు వచ్చారు. మొత్తం భార్యలు ఇరవై మంది దాకా ఉంటారని చరిత్రకారుల లెక్క. వీళ్లలో చాలామంది గురించి తండ్రి పేరు తప్ప మరేమీ మిగల్లేదు.

ఆఖరున వచ్చినామె మెహరున్నీసా. ఇరాన్ నుంచి వలస వస్తున్న కుటుంబంలో, దారిలో కాందహార్ దగ్గర 1577లో పుట్టింది. మొదటి భర్త షేర్ ఆఫ్గన్ 1607లో బెంగాల్‌లోని బర్ద్వాన్ వద్ద, తనను నిలదీయడానికి వచ్చిన సుబేదారు కుతుబుద్దీన్ ఖాన్‌ను పొడిచి, తానూ చనిపోయాడు. ఆమె మీద మోజుతో జహంగీరే అతన్ని చంపించాడన్న కథ బాగా పాకింది గానీ, అది నమ్మడం కష్టం. ఆ కుతుబుద్దీన్ జహంగీర్‌తో పాటు ఒకే తల్లి పాలు తాగి పెరిగినవాడు. చక్రవర్తి గుండెలు బాదుకున్నది అతని కోసమే. పైగా భర్త పోయాక నాలుగేళ్లకు గానీ పెళ్లి జరగలేదు. 1611లో పెళ్లినాటికి ఆమెకు 34 ఏళ్లు, ఒక కూతురు. ఆయనకు 41.

ఆమె వెనక సైన్యంతో నిలిచే రాజపుత్ర పుట్టిల్లు లేదు. అయితే తండ్రి గియాస్ బేగ్, అన్న ఆసఫ్ ఖాన్ దర్బారులో ఆరితేరినవాళ్లు. 1616లో నూర్జహాన్ అన్న బిరుదు వచ్చింది. ఆమె పేరుతో నాణేలు ముద్రించారు, ఆజ్ఞాపత్రాలు వెలువడ్డాయి. 1617లో ఏనుగు అంబారీ మీద నుంచి ఆరు గుళ్లతో నాలుగు పులులను కొట్టిందని భర్తే మురిసిపోతూ రాశాడు. తాగుబోతు మొగుణ్ణి కొంగున కట్టుకున్న ఆడది అని తర్వాతి రాతలు ఈసడించాయి. మందుతో, ఉబ్బసంతో కూలిపోతున్న మనిషి పేరిట ఆమె పదేళ్లకు పైగా రాజ్యం నడిపిందన్నది వాటికి పెద్దగా పట్టలేదు.

ఆమెకున్న చిక్కు ఒక్కటే. జహంగీర్ వల్ల ఆమెకు సంతానం లేదు. మొదట ఖుర్రం ఆమె మనిషే. ఆసఫ్ ఖాన్ కూతురు అర్జుమంద్ బానూను, అదే ముంతాజ్ మహల్‌ను, 1612లో పెళ్లాడాడు. దాంతో నూర్జహాన్ అతనికి సవతి తల్లే కాక భార్యకు మేనత్త కూడా అయింది. కానీ దక్కన్ విజయాలతో షాజహాన్ అనిపించుకున్నవాడు రేపు తన మాట వింటాడన్న నమ్మకం ఆమెకు లేకపోయింది. 1621లో తన కూతురు లాడ్లీ బేగంను షహ్రియార్‌కిచ్చి పెళ్లి చేసింది. ఇంట్లో ఇద్దరు అల్లుళ్లు అయ్యారు. ఒకరు అన్నకు, ఒకరు చెల్లికి. 1622లో బుర్హాన్‌పూర్‌లో, షాజహాన్ కాపలాలో ఉండగా ఖుస్రో చనిపోయాడు. అదే ఏడాది కాందహార్ ఇరాన్ చేతికి పోయింది. అక్కడికి సైన్యంతో వెళ్లమంటే షాజహాన్ కదల్లేదు, తిరగబడ్డాడు. ఓడిపోయి, 1623లో గోల్కొండ రాజ్యం గుండా మచిలీపట్నం చేరి, అక్కడి నుంచి ఒరిస్సా, బెంగాల్ దారి పట్టాడు. మొఘల్ జనానాలో మొదలైన తగువు మన కృష్ణా తీరందాకా వచ్చింది.

1626లో సేనాని మహబత్ ఖాన్ జీలం ఒడ్డున చక్రవర్తినే బంధించాడు. నూర్జహాన్ ఏనుగెక్కి, లాడ్లీ పసికూతురిని పక్కన పెట్టుకుని, బాణాల మధ్య ఏరు దాటి పోరాడింది. గెలవలేక తానూ వెళ్లి భర్తతో పాటు బందీ అయింది. కొన్ని నెలల్లో ఎత్తుకు పైఎత్తు వేసి ఆయన్ను విడిపించింది. ఆ ఏడాదే పర్వేజ్ పోయాడు. 1627 అక్టోబరులో కశ్మీర్ నుంచి లాహోర్ వస్తూ దారిలో జహంగీర్ కన్నుమూశాడు.

ఆసఫ్ ఖాన్ చెల్లెల్ని వదిలి అల్లుణ్ణి ఎంచుకున్నాడు. షాజహాన్ వచ్చేదాకా ఖుస్రో కొడుకు దావర్ బఖ్ష్‌ను పేరుకు గద్దె మీద కూర్చోబెట్టాడు. షహ్రియార్‌ను ఓడించి కళ్లు తీయించారు. 1628 జనవరిలో షాజహాన్ ఆజ్ఞతో షహ్రియార్‌నూ, దావర్ బఖ్ష్‌నూ చంపేశారు. ఏడాదికి రెండు లక్షల రూపాయల భరణం మీద నూర్జహాన్, విధవరాలైన కూతురితో కలిసి లాహోర్‌లో పద్దెనిమిదేళ్లు బతికింది. 1645లో చనిపోతే షాహ్దరాలో తాను కట్టించుకున్న సమాధిలోనే పెట్టారు. లాడ్లీ సమాధి కూడా అక్కడే ఉంది. మాన్ బాయి మాత్రం అలహాబాద్ ఖుస్రో బాగ్‌లో, తన మాట వినని కొడుకు పక్కనే ఉంది.