తన కథానాయకుణ్ణి తానే గుర్తుపట్టని రచయిత

జేమ్స్ బాండ్ పేరు వినని సినిమా ప్రేక్షకులు పల్లెల్లో సైతం అరుదు. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’తో కృష్ణ ఆంధ్రా జేమ్స్ బాండ్‌గా పేరు పొందారు. అసలు బాండ్‌ను సృష్టించినది ఇయాన్ ఫ్లెమింగ్ అనే ఆంగ్ల రచయిత.

ఫ్లెమింగ్ 1908 మే 28న లండన్‌లో సంపన్న కుటుంబంలో జన్మించారు. పార్లమెంటు సభ్యుడైన తండ్రి 1917లో యుద్ధరంగంలో మరణించారు. అప్పటికి బాలుడికి తొమ్మిదేళ్లు నిండలేదు. పెద్దయ్యాక ఆయన సైనిక శిక్షణ మధ్యలోనే మానుకుని రాయిటర్ వార్తాసంస్థలో విలేకరిగా చేరారు. 1939లో బ్రిటిష్ నౌకాదళ గూఢచారి విభాగం అధిపతికి సహాయకుడయ్యారు. యుద్ధకాలంలో అక్కడ చూసినవీ, విన్నవీ తరువాత ఆయన కథలకు ముడిసరుకు అయ్యాయి.

యుద్ధానంతరం జమైకా ద్వీపంలో ఇల్లు కట్టుకుని, 1952లో అక్కడే తొలి నవల ‘కాసినో రాయల్’ రాశారు. పక్షులపై గ్రంథం రాసిన ఒక శాస్త్రజ్ఞుడి పేరునే కథానాయకుడికి పెట్టారు. నవల 1953లో వెలువడింది. ఆపై దాదాపు ఏడాదికొక పుస్తకం వచ్చింది.

1961లో సాల్ట్‌జ్‌మన్, బ్రోకలీ అనే నిర్మాతలు ‘డాక్టర్ నో’ నవలను చిత్రంగా తీయ సంకల్పించారు. బాండ్ వేషం ఎవరికివ్వాలన్నదే పెద్ద చిక్కయింది. పెట్టుబడి సుమారు పది లక్షల డాలర్లే. అగ్రతారలకు ఇచ్చుకునే స్తోమత లేదు. పైగా వరుసగా పలు చిత్రాల్లో నటించేవాడు కావాలి. ఫ్లెమింగ్ మనసులో ఉన్నది డేవిడ్ నివెన్ వంటి నాజూకైన నటుడు. ప్రతినాయకుడిగా తన మిత్రుడు నోయెల్ కవర్డ్‌ను కోరగా ఆయన నిరాకరించారు.

చివరకు నిర్మాతలు షాన్ కానరీని ఎంపిక చేశారు. ఆయన స్కాట్లాండ్‌లోని ఎడింబరోలో శ్రామిక కుటుంబంలో పుట్టి, కుర్రతనంలో ఇంటింటికీ పాలు పోసి, శవపేటికలకు మెరుగు పెట్టి పొట్టపోసుకున్నవాడు. ఈ మొరటు మనిషి తన బాండ్‌కు తగడని ఫ్లెమింగ్ పెదవి విరిచారు. దర్శకుడు టెరెన్స్ యంగ్ మాత్రం కానరీకి దుస్తులు, నడక, మర్యాదలు దగ్గరుండి నేర్పించారు.

1962 అక్టోబరు 5న లండన్‌లో చిత్రం విడుదలై ఘనవిజయం సాధించింది. ఫ్లెమింగ్ పట్టుదలకు పోలేదు, అభిప్రాయం మార్చుకున్నారు. తరువాతి నవలల్లో బాండ్ తండ్రిని స్కాట్లాండ్ వాసిగా రాశారు. పాలు పోసిన కుర్రవాడి నటన మూలరచయిత కలాన్నే మార్చిందని పలువురి అభిప్రాయం.

ఆ కీర్తిని ఆయన ఎక్కువకాలం చూడలేదు. 1964 ఆగస్టు 12న, కుమారుడి పుట్టినరోజు నాడే, 56వ ఏట గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి నెలలో విడుదలైన ‘గోల్డ్‌ఫింగర్’ను ఆయన చూడనేలేదు. ఆయన మెచ్చిన నివెన్‌కు 1967లో బాండ్ వేషం దక్కింది. అయితే అది హాస్యచిత్రం.