హాన్స్ సెల్యే

వైశాఖమాసమున ఒక సాయంకాలము ఆకాశము నల్లబడి ఈదురుగాలి లేచినచో, నూజివీడు ప్రాంతమున మామిడితోట గల రైతునకు గుండె దడదడ కొట్టుకొనును, నోరు ఎండును, రాత్రి కన్ను మూతపడదు. కోతకు సిద్ధముగా నున్న బంగినపల్లి కాయ నేల రాలినచో ఏడాది శ్రమ మట్టిపాలగును గదా! పెద్దపరీక్షకు పోవు బాలునకును గుండె అట్లే కొట్టుకొనును, నోరు అట్లే ఎండును. ఒకరికి గాలి భయము, మరియొకరికి ప్రశ్నపత్రము భయము. కారణములు వేరైనను శరీరము చేయు పని ఇంచుమించు ఒక్కటే. అందరును అనుభవించుచు ఎవ్వరును అంతగా పట్టించుకొనని ఈ సంగతిని పరిశోధనకు తగిన విషయముగా గ్రహించి, జీవితమంతయు దానికే వినియోగించిన వైద్యుడు హాన్స్ సెల్యే.

సెల్యే 1907వ సంవత్సరము జనవరి 26వ తేదీన వియన్నా నగరమున జన్మించెను. తండ్రి హంగేరీ దేశీయుడు, సైన్యమున శస్త్రవైద్యుడు. తల్లి ఆస్ట్రియా దేశీయురాలు. బాల్యము డాన్యూబు నదీతీరమున గల కొమారోం పట్టణమున గడచెను. పలుభాషలు వినబడు ఇంటిలో పెరిగినందున భాషలు ఆయనకు ఆటగా అబ్బెను. పిమ్మట ప్రాగ్ నగరములోని జర్మను విశ్వవిద్యాలయమున వైద్యవిద్య నభ్యసించి, 1929లో వైద్యపట్టమును, 1931లో రసాయనశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను.

విద్యార్థిగా నున్నపుడే జరిగిన ఒక చిన్న సంఘటన ఇచట చెప్పదగినది. ఒకనాడు ఆచార్యుడు వైద్యశాలలో కొందరు రోగులను వరుసగా చూపించి, ఒక్కొక్కరి వ్యాధి నిర్ణయించుటకు పనికివచ్చు ప్రత్యేక చిహ్నములను బోధించుచుండెను. ఆ రోగులందరికిని నాలుక పాచిపట్టియుండెను, కీళ్లు నొచ్చుచుండెను, ఆకలి లేదు, ఒడలు చిక్కియుండెను. ఇవి ఏ వ్యాధినైనను కనబడునవి గావున ఆచార్యుడు వాటిని లెక్కింపలేదు. పందొమ్మిదేండ్ల సెల్యేకు మాత్రము అవియే వింతగా తోచెను. వ్యాధులు వేరైనపుడు రోగులందరును ఒకే తీరున ఏల కనబడుచున్నారు? ప్రశ్న మంచిదే. కాని దానిని పరీక్షించు సాధనములు ఆ బాలునికడ లేవు. అది అంతటితో నిలిచిపోయెను.

1931లో ఆయన అమెరికాకు పోయి, మరుసటి యేడు కెనడాలోని మాంట్రియల్ నగరమున మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున చేరెను. అచట ఆచార్య కొలిప్ హార్మోనులపై పరిశోధన నడపుచుండెను. ఇన్సులినును శుద్ధిచేసిన ఘనత ఈ కొలిప్‌దే. క్రొత్త హార్మోను నొకదానిని కనుగొనవలయునని సెల్యేకు గాఢమైన కోరిక. పశువుల అండాశయములనుండి తీసిన సారమును ఎలుకలకు సూదితో ఎక్కించెను. కొన్నాళ్లకు ఆ ఎలుకలను కోసి చూడగా మూడు మార్పులు కనబడెను. మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులు ఉబ్బియుండెను. రోగములనుండి కాపాడు థైమస్ గ్రంథియు, లసిక గ్రంథులును కుంచించుకొని పోయెను. జీర్ణాశయమున నెత్తురు కారు పుండ్లు ఏర్పడెను. క్రొత్త హార్మోను దొరికెనని యువకుడు పొంగిపోయెను.

ఆ సంతోషము ఎన్నాళ్లో నిలువలేదు. పీయూష గ్రంథి సారమెక్కించినను అవే మూడు మార్పులు. మూత్రపిండపు సారమునకును అవియే. సారము ఎంత మలినమైన అంత ఎక్కువగా మార్పులు కనబడసాగెను. తుదకు శవములను నిలువచేయుటకు వాడు ఫార్మలిన్ ద్రవమును ఎక్కించి చూచెను. దానిలో హార్మోను ఉండుట కల్ల. అయినను మార్పులు అవే! తాను కనుగొన్నది హార్మోను కాదని, ఎలుకలు పడిన బాధ మాత్రమే అని తేలిపోయెను. కొన్నాళ్లపాటు సెల్యే పరిశోధనశాలలో పని చేయజాలక క్రుంగియుండెను.

అట్టి దిగులులో ప్రాగ్ నగరపు రోగులు ఆయనకు జ్ఞప్తికి వచ్చిరి. అచట వ్యాధులు వేరు, వాలకము ఒక్కటి. ఇచట విషములు వేరు, మార్పులు ఒక్కటి. పనికిరానిదని పారవేయబోయిన ఫలితమే తన పాతప్రశ్నకు సమాధానము కావచ్చునని తోచెను. వెంటనే ఎలుకలను చలిలో నుంచెను, అలసిపోవునంతవరకు పరుగెత్తించెను, గాయపరచెను. ఆ మూగజీవుల పాలిట అది కఠినమైన పనియే. ప్రతిసారియు అవే మూడు మార్పులు. 1936 జులై 4వ తేదీన నేచర్ అను ఆంగ్ల పత్రికలో ఒక చిన్న లేఖగా ఈ సంగతి వెలువడెను.

బాధ ఎట్టిదైనను శరీరము మూడు దశలలో దానిని ఎదుర్కొనునని సెల్యే చెప్పెను. మొదటిది బెదురు, రెండవది ఓర్చి నిలుచుట, బాధ తీరక సాగినచో మూడవది అలసి కూలుట. ఆపద తారసిల్లిన క్షణమున శరీరము పోరాటమునకో పలాయనమునకో సిద్ధపడునని హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన వాల్టర్ కానన్ అంతకు ముందే చూపియుండెను. (ఆ కళాశాలలోనే ఆ రోజులలో మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు భాస్వరముపై పరిశోధనలు సాగించుచుండెను.) కానన్ క్షణకాలపు ఆపదను చూచెను, నెలల తరబడి తీరని ఆపదను సెల్యే చూచెను. ఈ స్థితికి ఆయన యంత్రశాస్త్రమునుండి స్ట్రెస్ అను పదము తెచ్చుకొనెను. మనము ఒత్తిడి యనుచున్నాము.

1945లో మాంట్రియల్ విశ్వవిద్యాలయమునకు మారి, అచట ఒక పరిశోధన సంస్థను నెలకొల్పెను. ఒత్తిడి యంతయు చెడ్డది కాదని కూడ ఆయన బోధించెను. మన మామిడి రైతులకు ఇది వింత కాదు. పూతకు ముందు రెండు మూడు నెలలు తోటకు నీరు కట్టరు. దప్పిగొన్న చెట్టు బాగుగా పూచును. పిందె నిలిచిన పిదపను ఎండగట్టినచో పిందె రాలిపోవును. చెట్టునకు మెదడు లేదు గనుక ఈ పోలిక అంతవరకే చెల్లును.

మెదడే ఇచట కీలకము. అధివృక్క గ్రంథికి ఆజ్ఞ పీయూష గ్రంథినుండి వచ్చును. పీయూష గ్రంథిని ఆజ్ఞాపించునది ఏది? సెల్యే శిష్యుడు రోజర్ గియ్యమఁ ఇట్టి ఆజ్ఞలను మెదడులోనే వెదకి, మెదడు స్రవించు హార్మోనులను వేరుచేసి, 1977లో నోబెల్ బహుమానము పొందెను. ఒత్తిడికి సంబంధించిన ఆజ్ఞ మాత్రము అపుడు చిక్కలేదు. గియ్యమఁ శిష్యుడు వైలీ వేల్ 1981లో దానిని నిర్ణయించెను. గురువునకు మాత్రము ఆ బహుమానము రాలేదు.

ఆయన సిద్ధాంతమునకు దెబ్బయు తగిలెను. జాన్ మేసన్ అను శాస్త్రజ్ఞుడు కోతులను పస్తుంచి, సారము లేని బిళ్లలను తినుట కిచ్చెను. ఆహారము దొరకుచున్నదని భ్రమపడిన కోతులలో ఒత్తిడి హార్మోను అంతగా పెరగలేదు. కావున శరీరపు బాధకన్న మనస్సు దానిని ఎట్లు తలంచునను సంగతియే ముఖ్యము. బాధ యేదైనను ఫలితమొక్కటే యన్న సెల్యే వాదము ఇచట సడలెను. మరియొక లోపమును దాచుట తగదు. పొగాకు కంపెనీలనుండి ఆయన ధనము స్వీకరించెను. 1969లో కెనడా పార్లమెంటు సంఘము ఎదుట పొగత్రాగుటకు అనుకూలముగా మాటలాడెను. అంతటి వైద్యునకు అది తగిన పని కాదు.

1982 అక్టోబరు 16వ తేదీన సెల్యే మాంట్రియల్ నగరమున మరణించెను. ఒత్తిడి హార్మోను మెదడులో జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అను భాగమున చేరునని బ్రూస్ మెక్‌యువెన్ 1968లోనే కనుగొనియుండెను. దాని ఫలితమేమో మన పొరుగున గల బెంగుళూరు నగరమున మరింత తేటపడెను. అచటి పరిశోధకులు ఎలుకలను పది దినములు, దినమునకు రెండు గంటలు కదలనీయక బంధించిరి. హిప్పోకాంపస్ కణముల శాఖలు కురుచబడగా, భయమునకు స్థానమైన అమిగ్డలా కణముల శాఖలు పెరిగెనని 2002లో ప్రకటించిరి. పిమ్మట అట్టి ఎలుకలకు ఇరువదియొక్క దినములు విశ్రాంతి నిచ్చి చూచిరి. జ్ఞాపకపు కణముల శాఖలు మరల చిగిర్చెను. భయపు కణముల శాఖలు తగ్గలేదు. ఆ ఎలుకల బెదురును తీరలేదు.