డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు – రక్తపరీక్ష రిపోర్టులో ఒక తెలుగువాడు

కిడ్నీ జబ్బుతో బాధపడేవారి రక్తపరీక్ష రిపోర్టు ఎప్పుడైనా చూశారా మిత్రులారా? యూరియా, క్రియాటినిన్‌లతో పాటు ఫాస్ఫరస్ అని ఒక వరుస ఉంటుంది. మనం తినే పప్పు, పాలు, మాంసం ద్వారా ఒంట్లోకి వచ్చే భాస్వరంలో మిగులును బయటికి పంపేది మూత్రపిండాలే. అవి దెబ్బతింటే భాస్వరం రక్తంలో పేరుకుపోతుంది. ఒళ్ళంతా దురద పెడుతుంది, ఎముకలు గుల్లబారతాయి, రక్తనాళాలు గట్టిపడతాయి. అందుకే డాక్టర్లు ఆ అంకెను అంత శ్రద్ధగా చూస్తారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో తేలికగా, కచ్చితంగా కొలిచే పద్ధతిని 1925లో ప్రపంచానికి అందించిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువాడు, డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. పోటీ పరీక్షల బిట్లలో ఆయన పేరు మనందరికీ తెలిసిందే. కానీ ఆ పేరు వెనక ఎన్ని తలుపులు మూసుకున్నాయో బిట్ పేపర్లో ఉండదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పెద్ద సంసారం, చిన్న సంపాదన. చదువు మీద మొదట్లో ఆయనకు ఆసక్తి లేదు. పదమూడేళ్ళ ప్రాయంలో ఇల్లు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని బయలుదేరారు. తల్లి వెనక్కి రప్పించి మళ్ళీ బడికి పంపింది. నగలు అమ్మి ఫీజులు కట్టింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. పదో తరగతి తప్పి మొహం చాటేసుకుని తిరిగే తమ్ముళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

తరువాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. మిత్రుల సాయం, కాబోయే మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయం లేకపోతే ఆ చదువు సాగేది కాదు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలో కూడా ఖద్దరు గౌను తొడిగారు. శస్త్రచికిత్స ఆచార్యుడైన బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది నచ్చలేదు. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావు గారికి దక్కింది ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్. కాగితం మీద మూడు నాలుగు అక్షరాల తేడా అంతే. ఆ తేడా వల్లనే మద్రాసు ప్రభుత్వ వైద్య సేవలో ఉద్యోగం రాలేదు, ఆ తేడా అమెరికా దాకా వెంటాడింది. అప్పటికి కొంతకాలం డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ గడిపారు. ఈ రోజుల్లోనే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు.

1920ల తొలి సంవత్సరాల్లో, మామగారిచ్చిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి సాయం పట్టుకుని ఓడ ఎక్కి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటు ఉంది, స్కాలర్‌షిప్ లేదు. చేతిలో ఉన్న పట్టాతో ఆసుపత్రిలో డాక్టరుగా పని ఇవ్వరు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా కుదిరారు. రోగుల బెడ్‌పాన్లు, మూత్రపు సీసాలు ఎత్తి కడిగే పని. పగలు క్లాసు, రాత్రి ఈ పని. 1924లో డిప్లొమా పొందారు. ఈ ఆసుపత్రి పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. సుబ్బారావు గారు పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. ఆయనను ఊరి బావి దగ్గర ఎవరూ ఆపలేదు, బడిలో విడిగా కూర్చోబెట్టలేదు. ఆయనకు అడ్డుపడ్డవి పేదరికం, పరాయి పాలన, ఆ తరువాత ఒంటి రంగు. ఆ మూడింటితోనే ఇంత జరిగితే, వాటికి కులం కూడా తోడైన మన తాతల కాలంలో ఎంతమంది సుబ్బారావులు పొలం గట్ల మీదే ఆగిపోయారో లెక్కపెట్టిన వారెవరు?

డిప్లొమా తరువాత హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరారు. భాస్వరం కొలిచే పద్ధతి అక్కడే పుట్టింది. ద్రావణంలోని ఫాస్ఫేటు మాలిబ్డేట్‌తో కలుస్తుంది. దానికి మరో రసాయనం చేర్చితే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేటు ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కబడుతుంది. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో పరీక్షనాళికలో ఆ నీలం తేలినప్పుడు, రికార్డు బుక్కులో ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని రాస్తూ నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఇవాళ ల్యాబుల్లో పెద్ద యంత్రాలు వచ్చినా, వాటిలో ఎక్కువ భాగం ఇంకా ఫాస్ఫేటును మాలిబ్డేట్‌తో కలిపే కొలుస్తున్నాయి.

ఆ పద్ధతే ఆయనకు దారి చూపింది. దాంతో కండరాలను పరీక్షిస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని ఫిస్కేతో కలిసి వెల్లడించారు. అదే కాలంలో జర్మనీలో లోమాన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నాడు. ఒంట్లో ప్రతి కణానికీ ఇంధనం ఏటీపీయే. మన మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటిన్నర రెండు లీటర్లు తప్ప మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుస్తాయి. ఆ పనిలో సోడియంను తోడే పంపులు నడిచేది ఏటీపీ మీదే. 1930లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది. స్థిరమైన ఉద్యోగం మాత్రం 1940లో హార్వర్డ్ విడిచేదాకా రాలేదు. అదే విభాగంలో చదివిన జార్జ్ హిచ్చింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదనీ, వాటిని చాలా ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందనీ తరువాతి కాలంలో చెప్పాడు.

ఈ హిచ్చింగ్స్ సామాన్యుడు కాదు. ఆడపిల్ల అని ల్యాబులు తలుపు మూస్తే, పీహెచ్‌డీ కూడా లేని గెర్ట్రూడ్ ఎలియన్‌ను తన దగ్గర చేర్చుకున్నాడు. వాళ్ళిద్దరి కృషి ఫలితమే అజాథయోప్రిన్. ఒకరి కిడ్నీ మరొకరికి పెడితే శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందు అది. ఇద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. ఇక బ్రిగామ్ ఆసుపత్రి సంగతి. 1954 డిసెంబరు 23న ప్రపంచంలో తొలిసారి విజయవంతమైన కిడ్నీ మార్పిడి జరిగింది అక్కడే, కవల సోదరుల మధ్య. 1962లో అజాథయోప్రిన్ సాయంతో చనిపోయిన వ్యక్తి కిడ్నీని మరొకరికి అమర్చి నిలిపిందీ అక్కడే. ఒక తెలుగు డాక్టరు మూత్రపు సీసాలు కడిగిన ఆసుపత్రి అది.

ఈ కథ పాతబడిందా అంటే నాకు అలా అనిపించదు. అమెరికాలో 1999 నుంచి కిడ్నీ పనితీరు లెక్కించే సూత్రాల్లో నల్లజాతి వారి అంకెను 16 నుంచి 21 శాతం పెంచి చూపేవారు. దాంతో జబ్బు ముదిరినా ముదరనట్టు కనబడేది, మార్పిడి వరుసలో పేరు ఆలస్యంగా ఎక్కేది. వైద్య విద్యార్థులు, నల్లజాతి డాక్టర్లు గట్టిగా ప్రశ్నించాక 2021లో అక్కడి కిడ్నీ వైద్య సంఘాలు ఆ తేడాను తీసేశాయి. ప్రశ్నించేవాళ్ళు క్లాసులో ఉంటేనే సూత్రం మారింది.

మన దగ్గర ఉద్దానం ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ కొబ్బరి, జీడి తోటల ప్రాంతంలో షుగరు, బీపీ లేని కష్టజీవులకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమైంది 2023లో. మన వైపు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవాడికి డయాలసిస్ ఖర్చు తగ్గింది, ఏరియా ఆసుపత్రుల్లో కూడా యంత్రాలు వచ్చాయి. నెఫ్రాలజిస్టును కలవాలంటే మాత్రం ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల పల్లెల వాళ్ళు సాగర్ రోడ్డు బస్సెక్కి పట్నం పోవాల్సిందే. నెఫ్రాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎండీ మూడేళ్ళు, డీఎం మూడేళ్ళు. మొదటి రెండింటిలో రిజర్వేషన్ ఉంది, డీఎం సీట్ల అఖిల భారత కౌన్సెలింగ్‌లో కుల రిజర్వేషన్ లేదు. ఇంటికి మొదటి జీతం ఎప్పుడు తెస్తావని తల్లిదండ్రులు ఎదురుచూసే పిల్లవాడు పదకొండున్నరేళ్ళు చదవగలడా? మా ఇంట్లో నాది మొదటి డిగ్రీ. మూడేళ్ళకే మా నాయన ఉద్యోగం సంగతి అడగడం మొదలుపెట్టాడు. ఆయన తప్పు కాదు.

సుబ్బారావు గారు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి పరిశోధన అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అదే మందు. బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్తక్యాన్సర్‌ను తొలిసారి లొంగదీసిన అమినోప్టెరిన్ కూడా అక్కడివే. భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో చట్టం మారాక కూడా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53. భారత తపాలా శాఖ 1995లో ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

ఆయన ఓడ ఎక్కేనాటికి భార్య శేషగిరి గారు గర్భవతి. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తండ్రి వాణ్ణి చూడలేదు. మూడేళ్ళలో వస్తానని వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. ఆ పాతికేళ్ళూ ఆమె ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు.